మైకు బస్సెక్కించిన జనం

ఆమె గొంతు పెద్దది. గట్టిగా అరుస్తుందని కాదు. భోజనాల దగ్గర మామూలుగా "ఉప్పు ఇలా ఇవ్వు" అన్నా పక్కింట్లో ఎవరో ఒకరు ఉప్పు డబ్బా కోసం చెయ్యి చాపేవాళ్ళు. అలాంటి గొంతు. బళ్ళో ఎవరో "మైకు" అని పేరు పెట్టారు. పోనుపోనూ ఇంట్లోవాళ్ళు కూడా అసలు పేరు పక్కన పెట్టేసి అలాగే పిలవడం మొదలుపెట్టారు. పెళ్ళి మాట ఎవరైనా ఎత్తితే, "ఆ బండి ఆలస్యంగా నడుస్తోంది, అసౌకర్యానికి చింతిస్తున్నాం" అనేసి తప్పుకునేది.

ఆ గొంతును నమ్ముకునే బస్టాండులో ఉద్యోగం సంపాదించుకుంది. గాజు గదిలో కూర్చుని ఏ బస్సు ఎక్కడికొచ్చి ఆగుతుందో చెప్పడం పని. చెప్పమన్నదానికన్నా నాలుగు మాటలు ఎక్కువే చెప్పేది. "నీలం చొక్కా అన్నగారూ, మీ సంచీ బెంచీ మీదే ఉండిపోయింది. మీరేనండీ, వెనక్కి తిరగండి... ఆఁ, అదే." జనానికి అది నచ్చేది. అధికారులకు నచ్చేది కాదు.

ఒకరోజు పై అధికారి పిలిచి ఊళ్ళ పేర్లు, అంకెలు, "దయచేసి గమనించండి" లాంటి మాటలు విడివిడిగా చదివించి రికార్డు చేయించాడు. తన గొంతును భద్రంగా దాచుకుంటున్నారని మైకు పొంగిపోయింది. గొంతు బొంగురుపోకూడదని ఆ రోజులన్నీ చల్లటి నీళ్ళు కూడా ముట్టలేదు. రికార్డింగు పూర్తయ్యాక, "ఇక మీరు రానక్కర్లేదమ్మా" అన్నారు. ఆ ముక్కలన్నీ అతికించుకుని కంప్యూటరే చెప్పుకుంటుందట.

"నా ఉద్యోగం నా నోటితో నేనే ఊడగొట్టుకున్నా అన్నయ్యా," అంది ఇంటికొచ్చి. "అదీ ఒక్క ఉచ్చారణ దోషం లేకుండా!"

అన్నయ్య బొమ్మలు వేసేవాడు. కాగితం మీద కాదు, కంప్యూటరు ఆటలకు. అతనూ, అతని భార్యా కలిసి ఒక టైర్ల షాపు పైన మూడు గదులు అద్దెకు తీసుకుని ఆటలు తయారుచేసేవాళ్ళు. ముందు గది నిండా బస్సుల బొమ్మలు. లోపలి గదిలో వదిన. మధ్య గదిలో టీ సామగ్రి, ఒక కాలు విరిగిపోతే ఇటుకలు పేర్చి నిలబెట్టిన సోఫా. ఆ రోజుల్లో వాళ్ళు చేస్తున్నది బస్సు నడిపే ఆట. కొండవాలు ఊళ్ళో, మలుపు మలుపుకీ జనాన్ని ఎక్కించుకుంటూ, దించుకుంటూ నడపాలి.

"బస్సుల సంగతి నీకు తెలిసినంత మాకు తెలీదు," అన్నాడు అన్నయ్య. "ఖాళీగా ఉన్నన్నాళ్ళు వచ్చి మా ఆట ఆడి, ఎక్కడెక్కడ తేడాగా ఉందో చెప్పు. జీతం కూడా ఇస్తాం."

"ఆడినందుకు జీతమా? ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావన్నయ్యా ఈ ఉద్యోగాన్ని!"

వదిన మాటల్లో మహా పొదుపరి. "ఊఁ" అనడానికి కూడా ఒక క్షణం ఆలోచించేది. కానీ ఆవిడ పని చూస్తే మైకుకే నోట మాట రాలేదు. ఆట మొత్తాన్నీ నడిపించే ప్రోగ్రామును, దాన్నే ఇంజిన్ అంటారు, ఆవిడ ఒక్కతే రాసింది. బస్సు ఎత్తెక్కుతుంటే ముక్కుతున్నట్టు మూలిగేది. మలుపు తిరిగితే ఒక పక్కకి ఒరిగేది. వాన పడితే అద్దం మీద చినుకులు ఒకదాన్నొకటి కలుపుకుంటూ జారేవి. అంతా బాగుంది, ఒక్కటే లోపం. బస్సులో జనం బస్తాల్లా కూర్చునేవారు.

మైకు మొదటిరోజు నుంచే మొదలుపెట్టింది.

"వదినా, ఆ పెద్దాయన బస్సు ఆగకముందే దిగిపోతున్నాడు. కాలు విరగ్గొట్టుకుంటాడు."

"ఊఁ."

"వదినా, చంటిబిడ్డతో ఎక్కినావిడకి ఒక్కరు కూడా సీటివ్వట్లేదు. మనుషులా వీళ్ళు?"

"ఊఁ."

"తలుపు ఇంకొంచెం ఆగి మూసుకోవాలి వదినా. ఇదేంటి, తరుముతున్నట్టు?"

ప్రతిదానికీ వదిన ఇంజిన్ కోడు తెరిచి ఏదో ఒక అంకె మార్చేది. మార్చడం ఎంతసేపు? కళ్ళు మూసి తెరిచేంత. ఆ తరవాతే అసలు ముచ్చట. మార్చినదాన్ని మళ్ళీ యంత్రానికి అర్థమయ్యే భాషలోకి తిప్పాలి. దాన్ని కంపైల్ చేయడం అంటారు. ఆ పని జరుగుతున్నంతసేపూ వదిన కంప్యూటరు ఫ్యాను విమానం లేస్తున్నట్టు హోరెత్తేది. ఎవరూ ఏమీ చేయడానికి ఉండేది కాదు. ముగ్గురూ మధ్యగదిలో చేరి టీ తాగేవాళ్ళు. తలుపు కాస్త ఆగి మూసుకోవడానికి ఒక టీ, పెద్దాయన కాస్త ఆగి దిగడానికి ఇంకో టీ. వారం తిరిగేసరికి అన్నయ్యకి టీ వాసన తగిలితే తల తిరగడం మొదలైంది.

ఒక మధ్యాహ్నం "వదినా" అన్న పిలుపు వినబడగానే, వదిన కుర్చీతో సహా వెనక్కి తిరిగింది.

"నీకో భాష పెడతాను," అంది. "నీ జనాన్ని నువ్వే చూసుకో."

అంత పొడుగు మాట ఆవిడ నోట వినడం మైకుకి అదే మొదటిసారి.

కొన్నాళ్ళకు వదిన అన్నంత పనీ చేసింది. ఇంజిన్ లోపల ఒక చిన్న భాషను కూర్చోబెట్టింది. చక్రాలు, వాలు, వెలుతురు, వాన, ఇలాంటి బరువు పనులన్నీ మునుపట్లాగే కంపైలైన ఇంజిన్ చూసుకుంటుంది. ఎవరు ఎక్కాలి, ఎక్కడ కూర్చోవాలి, ఏం మాట్లాడాలి అన్నవి మాత్రం మామూలు అక్షరాల్లో వేరే ఫైళ్ళలో రాసుకోవచ్చు. వాటిని స్క్రిప్టులంటారు. ఇంజిన్ వాటిని చదువుతూ చదువుతూ, అప్పటికప్పుడే చేసేస్తుంది. మళ్ళీ కంపైల్ చేయడం ఉండదు, ఫ్యాను హోరు ఉండదు, టీ ఉండదు.

"అంటే, నేను రాసి సేవ్ చేస్తే..."

"బస్సు నడుస్తుండగానే మారుతుంది."

"నాకు కోడు రాయడం వచ్చా వదినా? లెక్కల్లో నాకు వచ్చిన మార్కులు అన్నయ్యనడుగు."

"లెక్కలు అక్కర్లేదు. ఎప్పుడు ఏం జరగాలో చెప్పడమే. నువ్వు బస్టాండులో చేసింది అదేగా."

మైకు మొదట రాసింది పెద్దాయన గురించే. బస్సు ఆగితే లేవాలి. ఆగకపోతే కూర్చోవాలి. మధ్యలో లేస్తే "కూర్చోండి తాతగారూ" అని పక్కవాళ్ళు అనాలి. సేవ్ చేసింది. స్క్రీన్ మీద పరుగెడుతున్న బస్సులో, లేవబోయిన పెద్దాయన అలాగే మళ్ళీ కూర్చున్నాడు. మైకు కేకకి కింద టైర్ల షాపాయన మెట్లెక్కి వచ్చి, "ఏమైందమ్మా, ఎవరికైనా దెబ్బ తగిలిందా?" అనడిగాడు.

"పెద్దాయన కూర్చున్నాడండీ!"

"మంచిదే కదమ్మా," అని ఆయన గదంతా ఒకసారి కలియజూశాడు. పెద్దాయన ఎవరూ కనబడకపోయేసరికి ఇంకేమీ అడక్కుండా దిగిపోయాడు.

ఆ ధైర్యంతో మైకు బస్సు నిండా జనానికి సీట్లు రాసింది. ఎక్కినవాళ్ళు ఖాళీ సీటు వెతుక్కోవాలి, దొరికినదాన్ని తమ సీటని గుర్తుపెట్టుకోవాలి, వెళ్ళి కూర్చోవాలి. ఇంతే కదా. సేవ్ చేసి చూసింది. మొదటావిడ కిటికీ పక్కన బుద్ధిగా కూర్చుంది. రెండో ఆయన ఎక్కాడు, ఆవిడ ఒళ్ళో కూర్చున్నాడు. మూడో ఆయన ఆయన ఒళ్ళో. చూస్తుండగా బస్సులోని జనమంతా, సంచీలతో, పిల్లలతో సహా, అదే సీటు మీద ఒకరిమీదొకరు గుట్టగా పడ్డారు. పైనున్న పెద్దాయన తల బస్సు కప్పులోంచి బయటికి వచ్చింది. తక్కిన సీట్లన్నీ ఖాళీ. ఇంత బరువూ ఒక మూలకే పడేసరికి వదిన ఇంజిన్ తన పని తాను నిజాయితీగా చేసింది. బస్సు ఆ పక్కకి ఒరిగి, రెండు చక్రాల మీద మలుపు తిరిగింది.

"వదినా! అందరూ ఒకావిడ ఒళ్ళోకెక్కి కూర్చున్నారు! ఆవిడేమో ఏమీ అనట్లేదు, పాపం!"

వదిన వచ్చింది. చూసింది. పెదవులు బిగపట్టుకుంది గానీ ఆగలేదు. కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వింది. ముందు గదిలోంచి అన్నయ్య పరుగెత్తుకొచ్చి బస్సును కాక భార్యను చూస్తూ నిలబడిపోయాడు.

నవ్వు తగ్గాక వదిన ఒక లైనును వేలితో చూపించింది. "ఇక్కడ 'సీటు' అన్నావు. ఎవరి సీటో చెప్పలేదు. చెప్పకపోతే ఈ భాషలో అది ఊరందరిదీ అవుతుంది. ఒకడు మారిస్తే అందరికీ మారిపోతుంది. ముందు 'లోకల్' అని రాయి. అప్పుడు ఎవరి సీటు వాళ్ళదే."

"ఒక్క మాట రాయకపోతే ఇంత గోలా? మరి తప్పని ముందే చెప్పొచ్చు కదా ఈ భాష."

"నా భాష చెబుతుంది. ఇంజిన్ రాసే భాష. అందుకే అంతసేపు పడుతుంది. అది చాదస్తం మనిషి, అన్నీ సరిచూసుకుని గానీ గడప దాటదు. నీది సర్దుకుపోయే మనిషి. ఏం చెప్పినా సరేనంటుంది, తరవాత బజారున పడేస్తుంది."

మైకు ఆ ఒక్క మాట చేర్చింది. గుట్టగా పడ్డ జనం లేచి, బట్టలు దులుపుకోకుండానే, ఎవరి సీట్లలోకి వాళ్ళు వెళ్ళి కూర్చున్నారు. బట్టలు దులుపుకుంటే బాగుండేదనిపించి మర్నాడు అదీ రాసింది.

అక్కణ్ణించి మైకుకి పట్టపగ్గాల్లేవు. కిటికీ కోసం పోట్లాడుకునే అన్నదమ్ములు వచ్చారు. ముందు సీటువాడి పేపరును భుజం మీంచి చదువుతూ, వాడు పేజీ తిప్పబోతే "ఒక్క నిమిషం, అయిపోవచ్చింది" అనే మనిషి వచ్చాడు. ఫోనులో "ఇదిగో వచ్చేశా, మలుపు తిరిగా" అని, బస్సు ఇంకా బయల్దేరకముందే అబద్ధమాడే కుర్రాడు వచ్చాడు. సంగీతం మాస్టారు ఒకాయన ఎక్కితే మలుపు మలుపుకీ పక్క బళ్ళ హారన్ శ్రుతి తప్పిందని నొచ్చుకునేవాడు. వీళ్ళందరికీ గొంతు మైకుదే. పెద్దాయనకి ముక్కుతో మాట్లాడేది, కుర్రాడికి గడగడా మాట్లాడేది.

ఒకరోజు బస్సు నత్తనడక పట్టింది. జనం ఎక్కువయ్యేకొద్దీ స్క్రీన్ మీద బొమ్మ కుదుపులు కుదుపులుగా కదులుతోంది. వదిన లోపల లెక్కలేవో తీసి చూసింది.

"నీ జనం ఏం చేస్తున్నారో తెలుసా? ఒక్కొక్కళ్ళూ బొమ్మ మారినప్పుడల్లా 'మా స్టాపు ఇంకెంత దూరం' అని అడుగుతున్నారు. బొమ్మ సెకనుకి అరవైసార్లు మారుతుంది. అడిగిన ప్రతిసారీ ఇంజిన్ ఇక్కణ్ణించి అక్కడిదాకా రోడ్డంతా కొలిచి చెప్పాలి. అది బస్సు నడపాలా, వీళ్ళకి జవాబు చెప్పాలా?"

"చిన్నప్పుడు ఇదీ అంతే," అన్నాడు అన్నయ్య గుమ్మంలోంచి. "ఇల్లు తాళం వేస్తుండగానే 'వచ్చేశామా' అని అడిగేది."

"నువ్వు బొమ్మలేసుకో అన్నయ్యా. మరి ఏం చేయమంటావు వదినా?"

"అడగొద్దు. స్టాపు వచ్చినప్పుడు ఇంజినే కేకేసి చెబుతుంది. ఎవరిదైతే వాళ్ళు లేస్తారు. అప్పటిదాకా నీ జనాన్ని నిద్రపొమ్మను."

కోడు భాషలో నిద్రపోవడమంటే, పిలిచేదాకా ఏ పనీ చేయకుండా ఊరుకోవడం. మైకు ఆ మాటను ఉన్నదున్నట్టు పట్టుకుంది. సాయంత్రానికి బస్సులో సగంమంది నిజంగానే నిద్రపోతున్నారు. తలలు పక్కవాళ్ళ భుజాల మీద వాలుతున్నాయి. పేపరు మనిషి గురక పెడుతున్నాడు. స్టాపు కేక వినబడగానే ఉలిక్కిపడి లేచి, తమది కాదని తెలిసి మళ్ళీ వాలిపోతున్నారు. బస్సు మాత్రం హాయిగా పరుగెడుతోంది.

"నేనన్న నిద్ర ఇది కాదు," అంది వదిన.

"తీసెయ్యమంటావా?"

వదిన కాసేపు చూసింది. "ఉండనీ," అంది.

ఆటలు కొని అమ్మే కంపెనీ నుంచి ఒకాయన చూడ్డానికి వచ్చాడు. ఆయనకి ఇటుకల సోఫా చూపించి, బరువు ఎటు మోపాలో చెప్పి కూర్చోబెట్టారు. ఆయన బస్సు నడపడం మొదలుపెట్టి, జనం మాటలు వింటూ మూడు స్టాపులు దాటేశాడు. దిగాల్సినవాళ్ళు వెనకనుంచి తిడుతుంటే ఇంకా సంబరంగా విన్నాడు.

"సంగీతం మాస్టారు బాగున్నారు గానీ, మరీ ఎక్కువ మాట్లాడుతున్నారండీ," అన్నాడు.

"ఒక్క క్షణం," అని మైకు పక్క కీబోర్డు మీద ఒక అంకె మార్చింది. బస్సు నడుస్తుండగానే, మాస్టారు ఒక వాక్యం సగంలో ఆపి కిటికీలోంచి బయటికి చూడ్డం మొదలుపెట్టారు.

కంపెనీ ఆయన స్టీరింగు వదిలేసి ఇటు తిరిగాడు. "ఇదంతా ఎవరు చేశారు?"

"నేనేనండీ!" అంది మైకు. ఆ గొంతు మూడు గదుల్లోనూ మోగింది. "మనుషులు, మాటలు, గొడవలు అన్నీ నావే. మా వదిన వెనకాల ఆ చక్రాలూ అవీ చూసుకుంటుంది."

వదిన అప్పుడు గుమ్మంలో ఉంది, నీళ్ళ గ్లాసుతో. గ్లాసు ఆయన ముందు పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాటి నుంచి "ఊఁ" కూడా ఆగిపోయింది. మొదట మైకు గమనించలేదు. వదిన మౌనానికి కొలతలు తెలియాలంటే అలవాటుండాలి. అలవాటున్న అన్నయ్యే చెప్పాడు.

"చక్రాలూ అవీ అన్నావట."

"అన్నాను. తప్పేముంది? చక్రాలే కదా?"

అన్నయ్య బ్రష్షు లేని బొమ్మల మనిషి గనక మౌస్ అటూ ఇటూ జరిపాడు.

మైకుకి లోపల తెలుసు, తప్పేముందో. తెలిసినకొద్దీ పంతం పెరిగింది. కంపెనీ ఆయన వెళ్తూ వెళ్తూ, గాలి వీస్తే ఎండుటాకులు లేచి బస్సు చుట్టూ తిరిగితే భలే ఉంటుందన్నాడు. అది వదిన చేయాల్సిన పని. "ఆకులే కదా, నేనే రాస్తాను" అనుకుంది. మధ్యగది కిటికీ దగ్గర నిలబడి వీధిలో ఆకులు ఎలా రాలుతున్నాయో చూసింది. తిన్నగా పడదు ఆకు. ఒక పక్కకి జారి, ఆగి, మనసు మార్చుకున్నట్టు ఇంకో పక్కకి జారుతుంది. అదంతా స్క్రిప్టులో రాసింది. ఒక ఆకును వదిలింది. అద్భుతంగా పడింది. పదింటిని వదిలింది. అవీ బాగానే పడ్డాయి. వదిన గది వైపు ఒకసారి చూసి, వేలకు వేలు వదిలింది.

బస్సు ఆగిపోయింది. ఆకులు గాల్లోనే ఆగి ఏదో ఆలోచనలో పడ్డట్టు నిలబడ్డాయి. చాలాసేపటికి వెంట్రుకవాసి కదిలాయి. మళ్ళీ ఆగాయి. మైకు అది తగ్గించింది, ఇది తీసేసింది, ఆకుల్ని నిద్రపుచ్చి చూసింది. నిద్రపోతే పడవు, పడాలంటే నిద్రపోకూడదు. స్క్రిప్టు ప్రతి ఆకునీ ఒక్కొక్క లైనూ చదువుకుంటూ కదపాలి. వేల ఆకులను అలా చదువుకుంటూ కూర్చుంటే బొమ్మ ఎప్పటికి మారేను? అన్ని వేల చినుకులు వదిన వానలో ఎలా పడుతున్నాయో, అద్దం మీద ఎలా కలుస్తున్నాయో అప్పుడు తట్టింది. బస్సు ముక్కడం, ఒరగడం, దీపాల వెలుగు తడి రోడ్డు మీద సాగడం. వాటిని గురించి ఎన్నడూ ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు. అందుకే తను ఎన్నడూ వాటివైపు చూడలేదు.

లేచి లోపలి గదిలోకి వెళ్ళింది. ఆ పెద్ద గొంతు ఎక్కడికి పోయిందో, గుసగుసలాగా వచ్చింది.

"వదినా. ఆకులు పడట్లేదు."

వదిన తల తిప్పలేదు.

"చక్రాలూ అవీ అన్నాను. చాలా తప్పుగా అన్నాను. నోరుందిగా, ఆగలేదు."

వదిన లేచి మైకు కంప్యూటరు దగ్గరికి వచ్చింది. ఒక్క ఆకును మాత్రం ఉంచి, దాన్ని పడనిచ్చి చూసింది. మళ్ళీ వదిలింది. మళ్ళీ చూసింది.

"ఇలా మధ్యలో ఆగి అటు జారుతుందని ఎవరు చెప్పారు?"

"కిటికీలోంచి చూశా."

"నాకు తోచలేదు," అంది వదిన. "నేనూ ఒకసారి ప్రయత్నించాను."

"ఏం ప్రయత్నించావు?"

"బస్సులో మనిషిని మాట్లాడించాలని. నువ్వు రాకముందు. ఒకాయన ఎక్కి 'నమస్కారం' అనేవాడు. తరవాత దిగిపోయేవాడు. ఇంకేం అనిపించాలో నాకు తెలియలేదు."

మైకుకి నవ్వొచ్చింది. నవ్వితే మళ్ళీ ఏం ముంచుకొస్తుందోనని బిగబట్టుకుంది. వదినే ముందు నవ్వేసింది.

"గాలి ఎప్పుడు వీయాలో, ఎటు వీయాలో నువ్వు స్క్రిప్టులో చెప్పు," అంది వదిన. "ఆకుల సంగతి నేను చూసుకుంటాను. నీ ఆకు ఊగినట్టే ఊగుతాయి."

అలాగే ఊగాయి. కంపెనీ ఆయనకి ఫోను చేసి మైకే చెప్పింది. ఇంజిన్ అంటే ఏమిటో, అది ఎవరు రాశారో, ఎన్ని ఆకులు మోస్తుందో అంతా. ఆయన మధ్యలో రెండుసార్లు "తెలుసండీ" అన్నాడు. మైకు వినిపించుకోలేదు. లోపలి గదిలో వదిన చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుంది, అయినా వినబడే ఉంటుంది.

ఆట బయటికి వచ్చింది. గొప్పగా ఊరేగలేదు గానీ, ఆడినవాళ్ళు ఇంకొకళ్ళకి చెప్పారు. వాళ్ళు అనుకోనిది ఒకటి జరిగింది. స్క్రిప్టులన్నీ మామూలు అక్షరాల ఫైళ్ళే కదా, ఆటతోపాటే ఒక ఫోల్డరులో వెళ్ళాయి. ఎవరో దాన్ని తెరిచి, చదివి, తమ సొంత ప్రయాణికుణ్ణి రాసి ఎక్కించారు. వాళ్ళను చూసి ఇంకొకరు. కొన్నాళ్ళకి ఎక్కడెక్కడి జనమో ఆ బస్సెక్కడం మొదలుపెట్టారు. మేకను తెచ్చి "ఇది కుక్కపిల్ల" అని బుకాయించే మనిషి ఒకడు, ఎక్కిన ప్రతివాడికీ పళ్ళు తోముకున్నావా అని అడిగే పళ్ళ డాక్టరు ఒకావిడ. అందరూ ఒకే సీటు మీద పడిపోయారని, ఏం చేయాలో చెప్పమని రోజుకో ఉత్తరం. మైకు ఓపిగ్గా జవాబులు రాసేది. ఇప్పుడు అదే ఆమె ఉద్యోగంలో పెద్ద భాగం.

ఒకాయన రాసిన మెయిలు మాత్రం వేరుగా ఉంది. తను రాసిన ప్రయాణికురాలు ఎంతకీ దిగడం లేదట. చివరి స్టాపు దాటి బస్సు డిపోలోకి వెళ్ళగానే ఆట నిలిచిపోతోందట. మైకు ఆ స్క్రిప్టు తెరిచి చదివింది. ఒక పెద్దావిడ. డ్రైవరు బ్రేకు గట్టిగా వేస్తే "మేమేమైనా గుడ్లమా నాయనా, గిలక్కొట్టడానికి?" అంటుంది. పక్కన కుర్రాడు కూర్చుంటే వాడి జుట్టు సర్దుతుంది. కిటికీ తియ్యమంటుంది, తీస్తే వెయ్యమంటుంది. చదువుతూ మైకు పైకే నవ్వింది. ఆఖరిదాకా చూసింది. దిగడం గురించి ఒక్క లైను కూడా లేదు.

"ఈవిడ ఏ స్టాపులో దిగాలో మీరు రాయలేదండీ. మర్చిపోయారా?" అని రాసింది.

జవాబు వెంటనే వచ్చింది. "మర్చిపోలేదండీ. ఆవిడ మా పెద్దమ్మ. నన్ను పెంచింది ఆవిడే. ఇప్పుడు లేదు. దించబుద్ధి కాలేదు. డిపోలో ఆట ఆగకుండా ఏదైనా ఉపాయం ఉంటే చెప్పండి."

మైకు ఆ మెయిలు పట్టుకుని వదిన దగ్గరికి వెళ్ళింది. వదిన చదివి, ఇంజిన్ కోడు తెరిచింది. బస్సు ఖాళీ అయ్యిందని తేలితేనే డిపో తలుపులు మూసుకుని ఆ రోజు ముగిసేలా తనే ఎప్పుడో రాసింది.

"ఆవిడ లోపల ఉండగా తలుపు మూసుకుంటే?" అంది మైకు.

"మూసుకోవచ్చు. దీపాలు ఆర్పకుండా ఉంచాలి."

"ఒక్కతే ఉంటుందా మరి పొద్దున్నదాకా?"

వదిన ఆలోచించింది. "డిపోలో కాపలా మనిషిని పెట్టనా? ఊరికే నిలబడేవాణ్ణి. మాటలు నువ్వు రాయి."

"ఏం మాట్లాడుకుంటారంటావు ఇద్దరూ?"

"నన్నడుగుతావేంటి?" అని వదిన కీబోర్డు ముందుకు జరుపుకుంది. మైకు కుర్చీ పక్కకు లాక్కుని కూర్చుని, గొంతు సవరించుకుని, కాపలా మనిషి ముక్కుతో మాట్లాడతాడా, బొంగురుగా మాట్లాడతాడా అని రెండు రకాలుగా అని చూసుకోవడం మొదలుపెట్టింది.